చండీగఢ్ కుర్చీ

చండీగఢ్ కుర్చీ అనునది 1950వ దశకంలో చండీగఢ్ నగరంలోని ప్రభుత్వ భవనాల కొరకు రూపొందించబడిన చేతుల కుర్చీ. టేకు చట్రము, పేము అల్లిక, తెరచిన వృత్తలేఖిని వలె అమరిన కాళ్ళు దీని ప్రధాన లక్షణాలు. కొన్ని నమూనాలలో పేముకు బదులు తోలు లేదా బట్ట తొడిగిన మెత్తలు ఉంటాయి.

చరిత్ర

1947లో దేశ విభజన జరిగి లాహోరు పాకిస్తానులో చేరడం వలన భారతదేశపు పంజాబుకు కొత్త రాజధాని అవసరమైంది. నగర ప్రణాళికను లే కార్బూజియే రూపొందించాడు. అతని బంధువు, స్విస్ వాస్తుశిల్పి పియరీ జన్నరే (1896–1967) 1951 నుండి 1965 వరకు భారతదేశంలో ఉండి నిర్మాణ పనులను పర్యవేక్షించాడు. సచివాలయం, హైకోర్టు, శాసనసభ, పంజాబ్ విశ్వవిద్యాలయం మొదలైన వాటికి కావలసిన ఫర్నిచర్ ఆయన నేతృత్వంలో తయారైంది. ఈ రూపకల్పనలో యూలీ చౌదరి వంటి భారతీయ వాస్తుశిల్పులు కూడా పాల్గొన్నారు. కుర్చీలను స్థానిక వడ్రంగులు చేతితో తయారు చేసినందున ఒకే నమూనాకు చెందిన కుర్చీల మధ్య కూడా కొలతలలో స్వల్ప భేదాలు కనిపిస్తాయి.

వేలం, ఎగుమతి

కాలక్రమంలో విరిగిన కుర్చీలను కార్యాలయాలు పాత సామాను క్రింద తక్కువ ధరకు వేలం వేశాయి. వాటిని కొన్న వర్తకులు మరమ్మతు చేయించి ఐరోపా, అమెరికా వేలంశాలలలో అనేక రెట్లు ఎక్కువ ధరకు విక్రయించారు. 2011లో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వీటి విక్రయాన్ని, ఎగుమతిని నిషేధిస్తూ ఆదేశాలు ఇచ్చింది. 2012లో నగరంలో మిగిలిన 12,793 వారసత్వ వస్తువులు గుర్తించబడ్డాయి. అయితే 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం ఇటువంటి వస్తువు పురావస్తువుగా పరిగణింపబడాలంటే నూరేళ్ళు నిండాలి. అందువలన ఈ కుర్చీలకు ఆ చట్టపు రక్షణ వర్తించదు.

పునరుద్ధరణ

పునరుద్ధరణలో మొదట పాత వార్నిష్‌ను తొలగించి, వదులైన కీళ్ళను ఊడదీసి మరల అతికిస్తారు. చెదలు తిన్న భాగానికి కొత్త టేకు ముక్కను జోడిస్తారు. పేమును నీటిలో నానబెట్టి అల్లుతారు. అది ఆరినప్పుడు బిగుసుకొని గట్టిపడుతుంది. మెత్తలున్న కుర్చీలకు లోపలి దూదిని, పై తొడుగును మార్చుతారు.

ఈ పనుల వలన కుర్చీ తిరిగి కూర్చొనుటకు యోగ్యమవుతుంది. కాని కలపను అతిగా చిత్రిక పడితే వడ్రంగి పనిముట్ల గుర్తులు, వాడకం వలన ఏర్పడిన నునుపు చెరిగిపోతాయి. చట్రంపై రంగుతో వ్రాసిన కార్యాలయం పేరు, వరుస సంఖ్య కూడా తొలగిపోతే, ఆ కుర్చీ ఏ భవనానికి చెందినదో తెలుసుకొనుటకు ముఖ్యమైన ఆధారం నశిస్తుంది. కావున పని ప్రారంభించుటకు ముందు ఈ గుర్తులను ఛాయాచిత్రాలు తీసి, మార్చిన భాగాలను నమోదు చేయడం అవసరం.