పలనాటి మిరపతోటలు - పురుగుల చరిత్ర

పలనాడనగానే పెద్దలకు స్ఫురించునవి కారెంపూడి రణభూమి, నాగులేరు, బ్రహ్మనాయుడు, జొన్నకూడు. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, సన్నబియ్యపుటన్నము దొరకక విసిగి చాటువులు చెప్పెనని ప్రతీతి. ఆయన తినిన జొన్నన్నములోనికి మిరపకాయ పచ్చడి లేదనిన నేటివారు నమ్మజాలరు. మిరప అమెరికా ఖండమునందు పుట్టిన మొక్క. పోర్చుగీసువారి ఓడలవెంట 16వ శతాబ్దమున మనదేశపు రేవులకు వచ్చెను. శ్రీనాథుడు అంతకు నూరేండ్ల ముందటివాడు. నాటి కారము మిరియములదే. పరదేశమునుండి వచ్చిన ఆ మొక్క నేడు నరసరావుపేట మొదలు మాచర్ల వరకు రైతుల అప్పులను, పెండ్లిండ్లను, పిల్లల చదువులను నిర్ణయించుచున్నది. దానిని పట్టిన పురుగుల చరిత్ర గూడ ఈ సీమ చరిత్రలోనిదే.

పూర్వమిచ్చట సేద్యము వానమీద ఆధారపడినది. వాన తప్పినచో చేను ఎండెడిది. అయితే ఒకే పంట వేల యెకరములలో ఎడతెగక యుండెడిది కాదు. కావున ఒక చేని పురుగు రెండవ చేనికి పోవుట అంత సులభము గాదు. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండకడ నాగార్జునసాగరమునకు జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పలనాటి రూపమును మార్చివేసినది. జొన్నచేలు తగ్గినవి, వరి, ప్రత్తి, మిరప పెరిగినవి. కాలువనీరు మేలు చేయలేదని ఎవ్వరునూ అనజాలరు. కాని కనుచూపుమేర ఒకే పైరు పచ్చగా నిలిచినప్పుడు, దానిని తిను పురుగునకు గూడ అది సత్రపు భోజనమే గదా.

మొదటి దెబ్బ ప్రత్తికి తగిలెను. 1980 తరువాత క్రొత్తరకపు ఘాటైన మందులు విరివిగా వచ్చినవి. ఆ దశాబ్దపు నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ విజృంభించెను; 1987-88లో శనగపచ్చపురుగు కాయలను తొలిచివేసెను. ఎన్నిమార్లు మందు కొట్టిననూ చావలేదు. శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ పురుగు మందులకు లొంగని శక్తిని సంపాదించుకొనెనని తేల్చిరి. అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతులు పెక్కురు. ఆ దుఃఖమును చూచినవారు నేటికిని గ్రామములలో నున్నారు.

మిరప విషయమున సర్కారు పరిశోధన లేకపోలేదు. గుంటూరు చేరువ లాం గ్రామమున 1922లో వ్యవసాయక్షేత్రము వెలసెను. భాగ్యలక్ష్మి యను జి-4 రకము, ఎల్.సి.ఎ.-334 రకము అచ్చటివే. పాత తామరపురుగును గూడ శాస్త్రజ్ఞులు చాలకాలముగా నెరుగుదురు. కోయంబత్తూరున సేకరించిన పురుగులను చూచి 1919లోనే దానికి శాస్త్రనామ మిడిరి. అయినను పొలముగట్టున జరుగు పొరపాటు వేరు. ఆకు ముడిచినదనగానే దుకాణమునకు పోయి, ‘ముడతమందు’ అని అడుగుట మనకు అలవాటు. ముడతలు ఒకటి గావు. ఆకు అంచులు పైకి లేచి దోనెవలె నైనచో అది తామరపురుగు పని. అంచులు క్రిందికి వంగి, బోర్లించిన దోనెవలె నై, ఆకుకాడ సాగినచో అది నల్లి. నల్లి అసలు పురుగే గాదు. సాలెపురుగు వంశమునకు చెందిన ఎనిమిదికాళ్ల జీవి. దానికి గంధకము పనిచేయును గాని, పురుగుమందులలో పెక్కింటికి అది చావదు; కొన్నింటివలన పెరుగును గూడ. ఆకులు చిన్నవై, ముద్దగట్టి, మొక్క గిడసబారినచో అది తెల్లదోమ మోసికొనివచ్చిన వైరస్ తెగులు. దానికి మందే లేదు. అట్టి మొక్కను తొలినాళ్లలోనే పెరికివేయవలెను.

ఇంతలో 2021 వచ్చెను. ఆగ్నేయాసియా దేశములకు చెందిన నల్ల తామరపురుగు, 2015లో బెంగుళూరు ప్రాంతపు బొప్పాయిమీద మనదేశమున తొలిసారి కనబడినది, ఆ యేడు మిరపతోటలపై బడినది. పాతది లేతాకులలో దాగును. ఇది పూలలో చేరును. ఒక్కొక్క పూవులో పదులకొలది నల్లని నలుసులు కదలుచుండగా రైతు నిశ్చేష్టుడై నిలిచెను. పూత రాలెను, నిలిచిన కాయ వంకరపోయెను. మూడునాలుగు మందులు కలిపి, రెండుమూడు దినముల కొకమారు కొట్టినవారును కలరు. ఆ మందులకు పూవులలోని పురుగు సగము తప్పించుకొనగా, దానిని తిను అక్షింతల పురుగులు, సాలీళ్లు నశించినవి. పెట్టుబడి, కౌలు రెండునూ పోయి తోటలు దున్నివేసిన వారెందరో. కౌలుదారుని నష్టమే పెద్దది. భూమి తనది కాదు, కౌలు మాత్రము ముందే చెల్లించవలెను.

మన యెండ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో రెంటచింతల 45 డిగ్రీలు దాటుట వింత గాదు. వేసవి చివర వేడిగాలికి టమాట, వంగ, బెండ తోటలలో పూత రాలును. నీటి యెద్దడికి వాడిన మొక్కపై తామరపురుగు, నల్లి త్వరగా హెచ్చును. మిరప నారుమడి పోయుటకు ఎత్తైన మళ్లు, పలుచని నీడ, నీరు నిలువని కాలువ కావలెను. నల్లరేగడిలో ఒక దినము నీరు నిలిచిన వేరు కుళ్లును. అయితే ఈ యెండయే ఒక ఉపకారము గూడ చేయును. తామరపురుగు తన ప్యూపాదశను మట్టిలో గడపును. మండువేసవిలో లోతుగా దున్నిన, మట్టి తిరుగబడి అది ఎండకు మాడును. వేసవిదుక్కిని మన పూర్వులు ఎన్నడును మానలేదు.

లాం శాస్త్రజ్ఞులు చెప్పు మరియొక ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. తోటచుట్టు రెండు మూడు వరుసల జొన్న వేయవలెనట. గాలివాటున వచ్చు చిన్నపురుగులను ఆ ఎత్తైన పైరు కొంతవరకు అడ్డును. మిత్రపురుగులకు ఆశ్రయ మిచ్చును. తోటలో నీలిరంగు జిగురు అట్టలు మొక్కల యెత్తున నిలిపిన నల్ల తామరపురుగు వచ్చినదీ లేనిదీ తెలియును. జొన్నను మిరపనారు నాటుటకు ముందే వేయవలెను; నాటినాడు వేసిన, అది ఎదుగునంతలోనే పురుగు లోపలికి చేరును.