సురభికి 140 ఏళ్ళు: మనం కొనని టికెట్టు

సంచిక కమిటీవారు ఇంటికొచ్చి, "సార్, సురభి డేరా చూసి పెరిగినవాళ్ళలో రాయగలిగినవాళ్ళు ప్రొద్దుటూరులో మీరే మిగిలారు" అన్నారు. అది గౌరవమో హెచ్చరికో తేల్చుకోలేక ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక సంతోషం వేసింది. రాయడానికి కూచున్నాక కొంచెం సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గు సంగతి దాచకుండా రాస్తాను. వ్యాసం బాగుండకపోతే తప్పు నాది, అడిగినవారిది కాదు.

సురభి అంటే నాటకం పేరనీ, ఒక కంపెనీ పేరనీ అనుకునేవాళ్ళు మన జిల్లాలోనే ఎక్కువ. అది ఒక ఊరు. పులివెందుల వైపు, చక్రాయపేట మండలంలోని పల్లె. 1885లో అక్కడ ఒక పెళ్ళి వేడుక జరిగిందనీ, ఊరి పెద్దలు తోలుబొమ్మలాడించే కుటుంబాన్ని పిలిచి, "ఈసారి బొమ్మలు వద్దు, మీరే వేషాలు కట్టి ఆడండి" అన్నారనీ పెద్దలు చెప్తారు. వనారస సంజీవరావు, వనారస గోవిందరావుల కుటుంబం ఆ రాత్రి 'కీచకవధ' ఆడింది. తెల్లారేసరికి బొమ్మలాట కుటుంబం నాటక సమాజమైంది. సమాజానికి ఊరి పేరే నిలిచింది. ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లు కావడం మనకు తెలిసిందే. ఒక ఊరి పేరు ఒక కళకే ఇంటిపేరు కావడం అరుదు.

వీళ్ళ పూర్వులు మహారాష్ట్ర నుంచి దిగివచ్చిన ఆరె మరాఠీలు. ఇళ్ళలో మాట్లాడుకునేది ఆరె మరాఠీ, రంగం మీద పలికేది మనం పరీక్షలకు బట్టీ పట్టిన గ్రాంథికం. తరతరాలుగా వీళ్ళ పని ఒకటే. తెల్లని తెర కట్టి, వెనక దీపం పెట్టి, తోలుబొమ్మను దీపానికీ తెరకూ మధ్య ఆడిస్తూ పద్యం పాడడం. బొమ్మ ముందుంటుంది, మనిషి వెనకుంటాడు. 1885లో జరిగిందల్లా ఆ మనిషి తెర దాటి ముందుకు రావడం. ఇవాళ చెప్పుకోవడానికి ఇది చిన్న మాట. ఆ కాలంలో పూర్వుల విద్యను పక్కన పెట్టి కొత్త విద్యను నమ్ముకోవడం చిన్న సాహసం కాదు.

అప్పటి గాలి కూడా అలాగే వీస్తోంది. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి దాకా వచ్చి ఆడిపోయింది. ఆ ఏడే కందుకూరి వీరేశలింగం తన నాటకాన్ని రంగమెక్కించాడు. సురభి పుట్టిన మరుసటి ఏడాది మన పక్కనే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టాడు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు. సురభివాళ్ళకు బడి చదువు లేదు, పొలం లేదు, ఆడకపోతే పొయ్యి వెలగదు. అందుకే మిగతా సమాజాలు ఎంత గొప్పవైనా ఒక తరంతోనో రెండు తరాలతోనో ఆగాయి, సురభి ఆగలేదు.

ఆడవేషం ఆడవాళ్ళే కట్టడం సురభివాళ్ళు తెచ్చిన మరో మార్పు. మగవాళ్ళు మీసం తీసేసి సత్యభామ, ద్రౌపది వేషాలు కడుతున్న రోజుల్లో వీళ్ళు తమ ఇంటి ఆడబిడ్డలనే రంగమెక్కించారు. నలుగురూ ఏమనుకుంటారో వాళ్ళకూ తెలుసు. కానీ సమాజమంటే కుటుంబమే అయినప్పుడు భర్త కీచకుడు, భార్య సైరంధ్రి, మామ విరాటరాజు, ఉయ్యాల దిగిన బిడ్డ చిన్ని కృష్ణుడు. బయటివాళ్ళు వేలెత్తి చూపడానికి సందు లేదు. ఆ ఇంటి బిడ్డ సురభి కమలాబాయి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయింది. తెలుగు టాకీకి తొలి కథానాయికను ఇచ్చింది కడప జిల్లా బొమ్మలాటే.

గోవిందరావుగారి గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ వ్యాసం పనికిరాదు. ఆయనకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్ళు. పెళ్ళిళ్ళయినకొద్దీ కొత్త సమాజాలు చీలాయి. మన ఇళ్ళలో పొలం పంచుకున్నట్టు వాళ్ళు తెరలూ నాటకాలూ పంచుకున్నారు. పొలం పంచితే చిన్నదవుతుంది, సురభి పంచినకొద్దీ పెరిగింది. 1929లో ఆయన తెనాలిలో నాటక కళాకారులందరినీ ఒకచోట చేర్చాడు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు అలా పుట్టింది. బొమ్మలాట ఇంటివాడు పండితులకూ ప్లీడర్లకూ ఆతిథ్యమిచ్చి పరిషత్తు పెట్టించాడంటే మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

తర్వాతి ముప్ఫై ఏళ్ళలో ఊరూరా డేరాలు లేచాయి. 1960 నాటికి సమాజాలు ముప్ఫై ఆరు.

నేను చూసింది ఆ కాలపు తోకనే. పంట నూర్పిళ్ళయ్యాక ప్రొద్దుటూరులో డేరా దిగేది. వస్తే ఒకటి రెండు నెలలుండేది. రోజుకో నాటకం. జమ్మలమడుగు వైపు నుంచీ, మైదుకూరు వైపు నుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు. మా అవ్వ నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని నేల టికెట్టు మీదే చూసేది. "కుర్చీలో కూచుంటే కాళ్ళు వేలాడతాయిరా, నాటకం మీద మనసు నిలవదు" అనేది. డబ్బులు మిగిల్చుకోవడానికి అలా అనేదని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. వీరబ్రహ్మంగారి చరిత్ర ఆడిన రోజు ఆమె ఉపవాసం. బ్రహ్మంగారి మఠం మనకు దగ్గరే కదా, ఆమెకు అది నాటకం కాదు.

ఇక 'మాయాబజార్'. ఘటోత్కచుడు కూచుంటే లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి పోయేవి. నారదుడు మేఘం మీద దిగేవాడు. రెండు బాణాలు నిప్పులు కక్కుతూ గాల్లో ఢీకొట్టేవి. మా అవ్వ దండం పెట్టేది. నేను మాత్రం తాడు వెతికేవాణ్ణి. ఒకరోజు పక్క తెర సందులోంచి తల దూర్చాను. పంచె ఎగగట్టుకుని, ఒంటి నిండా చెమటతో, ఒక పెద్దాయన నాలుగు తాళ్ళు నాలుగు వేళ్ళకు చుట్టుకుని లడ్డు లాగుతున్నాడు. నన్ను చూసి కోప్పడలేదు. కనుబొమ్మతో "చూడు, కానీ మాట్లాడకు" అన్నట్టు సైగ చేశాడు. మర్నాడు అడిగితే, "మా తాతలు తోలుబొమ్మకు కట్టిన తాడే బాబూ ఇది. బొమ్మ మారింది, తాడు మారలేదు" అన్నాడు. సురభి చరిత్ర మీద ఎన్ని చదివినా నాకు ఆ మాటను మించింది దొరకలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకో చెప్తాను.

తర్వాత సినిమా హాళ్ళు పెరిగాయి. సురభి కూడా ఊరుకోలేదు. సినిమా 'పాతాళభైరవి' తీస్తే వీళ్ళు 'జై పాతాళభైరవి' అని రంగమెక్కించారు. అయినా హాలువాడికి ఒక రీలు పెట్టె చాలు, వీళ్ళకు లారీల సామాను, యాభై నోళ్ళు. 1974 నాటికి ముప్ఫై ఆరు సమాజాలు పదహారయ్యాయి. 1982 నాటికి నాలుగే మిగిలాయి.

ఆ రెండు అంకెల మధ్యే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. నేను అప్పుడే పంతులు ఉద్యోగంలో చేరాను. కార్తీకంలో డేరా దిగింది. దిగిన నాలుగో రోజు ముసురు పట్టింది. ఐదు రోజులు తెరిపి లేదు. నేల టికెట్టు స్థలమంతా బురద. ఆటలు లేవు, వసూలు లేదు, సామాను ఎత్తుకుని మరో ఊరికి పోవడానికి లారీ బాడుగ లేదు. ఆరో రోజు ఆ తాళ్ళ పెద్దాయన మా బట్టల కొట్టుకు వచ్చాడు. కొట్టు ముందు చెప్పులు విడిచి నిలబడి, నాటకంలో మాట్లాడినంత స్పష్టంగా, "శెట్టిగారూ, వాన వెలిసేదాకా మా ఇంటిల్లిపాదికీ బియ్యం కావాలి. అప్పు అడుగుతున్నాను, ధర్మం కాదు" అన్నాడు.

మా నాయన చెడ్డవాడు కాదు, వ్యాపారి. "ఏం పెడతావు?" అన్నాడు.

సాయంత్రానికి ఇద్దరు కుర్రాళ్ళు వెదురు బొంగుకు చుట్టిన తెరను మోసుకొచ్చారు. శశిరేఖ ఉద్యానవనం తెర. మధ్యలో పెద్ద చందమామ. నాయన దాన్ని అటక మీద పెట్టించి ఐదు వందలు ఇచ్చాడు. ముసురు వెలిసింది, డేరా కదిలిపోయింది. తెర మా అటక మీద మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళు వాళ్ళు చందమామ లేకుండా శశిరేఖను ఎలా నడిపారో నాకు తెలియదు, అడగలేదు.

మూడేళ్ళ తర్వాత పెద్దాయన ఒక్కడే బస్సు దిగి వచ్చాడు. అసలూ, వడ్డీ లెక్కపెట్టి ఇచ్చాడు. నాయన వడ్డీ కూడా తీసుకున్నాడు. తెర విప్పితే ఎలుకలు చందమామను అడుగు నుంచి సగం దాకా కొరికేశాయి. నేను తలెత్తలేకపోయాను. ఆయన చినిగినచోట చెయ్యి పెట్టి చూసుకుని, "గ్రహణం పట్టింది, అంతే. మళ్ళీ గీసుకుంటాం" అన్నాడు. చుట్టి భుజానికెత్తుకుని బస్టాండుకు నడిచాడు. బొంగు నేను పట్టుకుంటానంటే వద్దన్నాడు. అందుకే ఆయన పేరు రాయను. ఆ పేరు పక్కన మా నాయన లెక్క కూడా రాయాల్సి వస్తుంది.

తర్వాత వాళ్ళు నిజంగానే మళ్ళీ గీసుకున్నారు. మిగిలిన సమాజాల్లో 1937లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని రేకందార్ నాగేశ్వరరావుగారు, అందరూ బాబ్జీ అని పిలిచే పెద్దమనిషి, నిలబెట్టారు. హైదరాబాదు లలితకళాతోరణంలో వారం వారం ఆటలు పెట్టించారు. కన్నడ నాట నుంచి బి.వి. కారంత్ వచ్చి వీళ్ళతో కూచుని 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ' చేయించారు. మూడోది జర్మనీ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన నాటకానికి మన బస్తీ రూపం. మేఘం మీద నారదుణ్ణి దింపిన కుటుంబం బస్తీ ఆడమనిషి బాధను రంగమెక్కించింది. ఇది సురభికి రెండో పుట్టుక అని నా అభిప్రాయం. 2013లో బాబ్జీగారికి పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడే వాళ్ళు ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో ఆడివచ్చారు. తెలుగు రాని జనం మా అవ్వలాగే లడ్డును చూసి నోరు తెరిచి ఉంటారు. 2020లో కరోనా వచ్చి ఆటలన్నీ ఆగాయి. యాభై నోళ్ళ సంగతి మళ్ళీ మొదటికొచ్చింది. 2022లో బాబ్జీగారు వెళ్ళిపోయారు. ఆట ఆగలేదు.

ఈ 140 ఏళ్ళలో రంగం మీద కనిపించినవారినీ, కనపడనివారినీ తలచుకోవడం మన విధి. వనారస, రేకందార్, సిందే, ఆవేటి ఇంటిపేర్లవారు. శ్రీ వేంకటేశ్వర, శారదా విజయ, విజయభారతి, భానూదయ, వినాయక నాట్యమండళ్ళ వారు. హార్మోనియం, తబలా వాయించినవారు. తెరలు రాసినవారు, లైట్లు తిప్పినవారు, కిరీటాలకు జిగినీ అంటించినవారు, డేరా గుంజలు పాతినవారు, గేటు దగ్గర టికెట్లు చింపినవారు, యాభై మందికి వంట చేసిన తల్లులు. డేరాకు స్థలమిచ్చిన రైతులు, కరెంటు తీగ లాగనిచ్చిన ఇంటివారు, ముసురులో అప్పుగా పప్పు ఇచ్చి వడ్డీ అడగని కొట్లవారు. చివరివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. మా కొట్టు వాటిలో లేదు.

ఇక ఒక మాట చెప్పి ముగిస్తాను. కమిటీవారు దీన్ని కత్తిరించకుండా వేస్తారని నమ్మకం. కొన్నేళ్ళ కింద మన ప్రాంతంలో ఒక పెద్ద వేడుకకు నేను పట్టుబట్టి సురభివాళ్ళను పిలిపించాను. పది రాత్రులు ఆడాలన్నది నా కోరిక. నిర్వాహకులు ఒక రాత్రి చాలన్నారు. తర్వాత ఒక గంట అన్నారు. ఆ రోజు సినిమా పాటల డ్యాన్సులకూ ముఖ్య అతిథుల ప్రసంగాలకూ మధ్య నలభై నిమిషాలు దక్కాయి. ఘటోత్కచుడు రాకముందే ఎవరో మైకు అందుకున్నారు. అందరికీ శాలువాలు కప్పారు. శాలువాలు బియ్యం కావు.

సంప్రదాయాన్ని కొత్త కాలానికి మలచాలని మనం సభల్లో మాట్లాడుతుంటాం. సురభివాళ్ళు మాట్లాడలేదు, చేశారు. బొమ్మను మనిషిగా మార్చారు, ఆడబిడ్డను రంగమెక్కించారు, సినిమా కథను తెచ్చుకున్నారు, బ్రెహ్ట్‌నూ తెచ్చుకున్నారు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు చదువులకూ ఉద్యోగాలకూ పోయి సాయంత్రం రంగు పూసుకుంటున్నారు. మారనిది చూసేవాళ్ళ అలవాటే. డేరా దిగిన మొదటిరోజే పాసు అడగడం మనకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ముందు వరస కుర్చీలన్నీ పాసులవే. సురభిని బతికించింది మా అవ్వ లాంటివాళ్ళు కొన్న నేల టికెట్టు.

కాబట్టి ఈ సంచిక చదివేవారికి నా మనవి ఒకటే. కడప జిల్లా పేరు చెప్పుకుని సురభి మనదే అనే ముందు, మీ ఊరికి గానీ మీరు పోయిన ఊరికి గానీ వాళ్ళు వస్తే గేటు దగ్గర వరసలో నిలబడండి. పాసు అడగకండి. టికెట్టు కొనండి.