గ్లో ఇంజిన్‌కు ట్యూనింగే ప్రాణం

రేడియో నియంత్రిత నమూనా విమానం ఇంజిన్‌ నేలపై చక్కగా తిరిగినంత మాత్రాన గాలిలోనూ తిరుగుతుందన్న భరోసా లేదు. ట్యూనింగ్‌ లోపిస్తే పైకి లేవగానే ఆగిపోతుంది. నెలల తరబడి పడిన శ్రమ క్షణాల్లో నేలపాలవుతుంది.

అమెరికాకు చెందిన రే ఆర్డెన్‌ 1947లో గ్లో ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చారు. ప్లగ్‌లోని ప్లాటినం తీగను 1.5 వోల్టుల బ్యాటరీతో వేడి చేసి ఇంజిన్‌ను ప్రారంభిస్తారు. ఆపై మిథనాల్‌ ఇంధనంతో జరిగే రసాయన చర్య, దహన వేడిమి కారణంగా తీగ ఎర్రగానే ఉంటుంది. బ్యాటరీ అక్కర్లేదు.

ముందుగా థ్రాటిల్‌ పూర్తిగా తెరవాలి. ప్రధాన సూదిని సవ్యదిశలో తిప్పితే ఇంధనం తగ్గి వేగం పెరుగుతుంది. గరిష్ఠ వేగానికి చేరాక సూదిని వెనక్కి తిప్పి, నిమిషానికి 200 నుంచి 400 చుట్ల మేర తగ్గించాలి. తర్వాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు పైకెత్తాలి. వేగం పడిపోతే ఇంధనం చాలడం లేదని అర్థం. సూదిని మరికాస్త తెరవాలి.

అనంతరం కనిష్ఠ వేగం నుంచి థ్రాటిల్‌ ఒక్కసారిగా తెరవాలి. పొగతో తడబడితే చిన్న సూదిని బిగించాలి, చప్పున ఆగిపోతే వదులు చేయాలి.

ఇంధనంలో చమురు కూడా ఉంటుంది. అందువల్ల ఇంధనం తగ్గితే కందెన కూడా తగ్గి పిస్టన్‌ అరిగిపోతుంది.

సూదిని ఎల్లప్పుడూ ప్రొపెల్లర్‌ వెనుక నిలబడే తిప్పాలి. మిథనాల్‌ విషపూరితం. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. పిల్లలను దూరంగా ఉంచాలి.