హామిల్టన్ డబ్ల్యూ10 చేతి గడియారం

హామిల్టన్ డబ్ల్యూ10: 1970లలో బ్రిటిష్ సైన్యానికి సరఫరా అయిన కీ ఇచ్చే చేతి గడియారం. దీని నేటి రూపాన్ని 'ఖాకీ పైలట్ పయనీర్ మెకానికల్' పేరుతో హామిల్టన్ సంస్థ 2020లో విడుదల చేసింది. 1892లో అమెరికాలోని లాంకాస్టర్‌లో మొదలైన ఈ సంస్థ ఇప్పుడు స్విట్జర్లాండ్‌కు చెందిన స్వాచ్ గ్రూపులో భాగం.

పాత గడియారం: పీపా ఆకారపు స్టీలు కేసు, నల్లని డయల్, తెల్లని అంకెలు, చీకట్లో వెలిగే ట్రిటియం పూత. కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోతుంది. దళమంతా ఒకే క్షణానికి సమయం కలుపుకోవడానికి ఈ ఏర్పాటు. వెనుక మూతపై ప్రభుత్వ ఆస్తికి గుర్తుగా బాణం ఉంటుంది. 'డబ్ల్యూ10' అనే సంకేతం భూసేనది, '6బీబీ' వాయుసేనది.

కొత్త గడియారం: కేసు వెడల్పు 33 మి.మీ., పొడవు 36 మి.మీ. పూర్తిగా కీ ఇస్తే హెచ్-50 యంత్రం 80 గంటలు నడుస్తుంది. 100 మీటర్ల స్థాయి నీటి ఒత్తిడిని తట్టుకుంటుంది. రేడియోధార్మిక ట్రిటియం బదులు సూపర్ లూమినోవా వాడారు.

బ్యాటరీ పెట్టకుండా, తేదీ గడి చేర్చకుండా, కేసును పెద్దది చేయకుండా మూలానికి కట్టుబడిన మేలైన పునర్నిర్మాణం ఇది.