హైదరాబాదు పోలీసు జట్టు, 1950: ఆట ఎవరిది?

1950వ సంవత్సరంలో హైదరాబాదు పోలీసులు అంటే మన పాఠకుల కళ్ళ ముందు బంతి మెదలదు, తుపాకీ మెదులుతుంది. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం అప్పటికింకా ముగియలేదు. సైన్యమూ పోలీసులూ పల్లెలను జల్లెడ పడుతున్న రోజులవి. సరిగ్గా ఆ ఏడే హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు రోవర్స్ కప్పునూ, డ్యూరాండ్ కప్పునూ గెలుచుకున్నది. ఈ రెండు సంగతులనూ మనం వేరువేరు బీరువాల్లో పెట్టి తాళం వేసుకున్నాం. క్రీడల పుస్తకంలో పోరాటం ఉండదు. పోరాటాల పుస్తకంలో ఆట ఉండదు. ఈ విభజన చరిత్రకు మేలు చేయదని నా అభిప్రాయం.

ముందు ఆ గెలుపు ఎంతటిదో చూడవలసి ఉన్నది. డ్యూరాండ్ పోటీ 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైనిక జట్ల కోసం పుట్టింది. రోవర్స్ పోటీ 1891లో బొంబాయిలో మొదలయింది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఇవి తెల్ల సిపాయిల సొత్తు. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్‌నూ, 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టు డ్యూరాండ్‌నూ గెలిచే దాకా భారతీయ జట్టేదీ వాటిని తాకలేకపోయింది. మధ్యలో ఆగిపోయిన డ్యూరాండ్ 1950లో మళ్ళీ మొదలైనప్పుడు, ఫైనల్లో మన నగరపు జట్టు ఓడించింది ఎవరిని? మోహన్ బగాన్‌ను! 1911లో ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించిన కీర్తి ఆ కలకత్తా జట్టుది. ఇక రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు హైదరాబాదుకే వచ్చింది.

ఈ జట్టులో ఎవరున్నారు? నూర్ మహమ్మద్, అజీజ్, మొయిన్ వంటి పాత నగరపు బిడ్డలు. 1948 సెప్టెంబరు సైనిక చర్య గడచి అప్పటికి రెండేళ్ళు. రజాకార్ల దౌర్జన్యానికి ప్రతీకారం పేరిట సంస్థానంలో సామాన్య ముస్లిములపై జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఏ మతస్థులను దేశం అనుమానంగా చూస్తున్నదో, ఆ మతానికి చెందిన కుర్రాళ్ళు క్రైస్తవ సహచరుల పక్కన నిలబడి ఈ దేశపు పెద్ద మైదానాలలో హైదరాబాదు పేరు నిలబెట్టారు. మత సామరస్యం గురించి మనం చేసే ఉపన్యాసాలకు ఇంతకన్న గట్టి దృష్టాంతం కావాలా?

ఈ జట్టును తీర్చినవాడు పోలీసు అధికారి కాడు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) ఉస్మానియా పట్టభద్రుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాడు. 1950లో ఆయన పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆయన శిక్షణలో మాయ ఏమీ లేదు, బోధన ఉన్నది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టాడు. బంతిని కాళ్ళకు కట్టేసుకొని ఒంటరిగా పరుగెత్తడం నిషేధించి, వెంటనే తోటివానికి అందించి తీరవలసిన పోటీలు పెట్టాడు. వయసుల వారీగా పిల్లలకు ఆటలు నడిపాడు. ఒక్కడి ప్రతిభను పదకొండుమంది శ్రమగా మార్చడమే ఆయన నేర్పిన విద్య. సికింద్రాబాదు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం దగ్గర ఆటకు వచ్చి పోవడానికి డబ్బు లేకపోతే, సైకిలు అద్దె రహీమే ఇచ్చాడు. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన జట్టులోనూ, 1962లో జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఆడాడు. రెండింటికీ గురువు రహీమే. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం ఆయన పేరును కొత్త తరానికి తెలిపింది. కాని అందులో ప్రధానమైనది జాతీయ జట్టు కథ.

అయితే ఆట పోలీసు శాఖలో ఎందుకు చేరింది? కారణం భౌతికమైనది. ఆట కూడు పెట్టదు. నెలనెలా జీతమిచ్చి, మైదానానికి కూడా పంపే కొలువు పేద క్రీడాకారునికి కావాలి. ఆ కొలువు పోలీసు శాఖ ఇచ్చింది. ఆ మేరకు దాని పాత్రను కాదనడం అన్యాయం. కాని 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన నాడు సిటీ కాలేజీ దగ్గర గుంపుపై కాల్పులు జరిపి ప్రాణాలు తీసినదీ అదే నగరపు పోలీసులు. ఆ ఏటి రోవర్స్ కప్పు కూడా వారిదే. కప్పు తళుకులో ఆ నెత్తురు కనబడకుండా పోరాదు. ఆ నెత్తురును చూపి, నూర్ మహమ్మద్ చెమటను ఖాతాలోంచి కొట్టివేయనూ రాదు. యజమాని వేరు, పనివాడు వేరు. కార్ఖానా గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మనకు బాగా తెలుసు. మైదానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరచిపోతున్నాం.

రహీమ్ 1963లో కేన్సరుతో మరణించాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. తరువాత 50 ఏళ్ళకు పైగా ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. కప్పులు శాఖ అద్దాల బీరువాలో భద్రంగా ఉండవచ్చు. బడి మైదానం మాత్రం అలా ఉండలేదు.

మా మార్టూరు చుట్టుపక్కల పత్తి తీసి, మిరపకాయలు కోసి బతికే కుటుంబాల కుర్రాళ్ళు తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తుతుంటారు. పందెం కోసం కాదు, కానిస్టేబులు పరీక్షలో దేహదారుఢ్యం నెగ్గడం కోసం. అజీజ్, మొయిన్‌ల కాళ్ళు వెతుక్కున్న కొలువునే ఈ కాళ్ళూ వెతుక్కుంటున్నాయి. ఆకలి మారలేదు. మారింది ఒక్కటే: వీరికి రహీమ్ లేడు. ఆట నేర్పే మాస్టరునూ, ఆడుకోవడానికి జాగానూ ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ సాధించడం ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ తమ కోర్కెల పత్రంలో మొదటి వరుసలో రాయదగిన విషయం. 1950 గెలుపు పోలీసు స్టేషనులో పుట్టలేదు, బడిలో పుట్టింది.