తెర మీద పేర్ల వరుస

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసంతా పేర్ల జాబితాలు రాసినవాణ్ణి కనుక, సినిమా మొదట్లో పడే పేర్ల గురించే రాస్తున్నాను.

మా చిన్నతనంలో విజయనగరంలో సినిమాకు వెళ్తే, పేర్లు పడకముందే హాల్లో కూర్చోవాలని మా నాన్నగారు తొందరపెట్టేవారు. అప్పట్లో పేర్లన్నీ మొదటే వేసేవారు. చివర 'శుభం' ఒక్కటే. ముందు సెన్సారు సర్టిఫికెట్టు, నిర్మాణ సంస్థ, చిత్రం పేరు; తర్వాత నటీనటులు, గాయకులు, సాంకేతిక నిపుణులు; అందరికన్నా ఆఖరున దర్శకుడు. ఆఫీసు ఫైలు మీద ఆఖరి సంతకం పెద్ద అధికారిది అయినట్టు! ఘంటసాల, పి.సుశీల పేర్లు పడితే మా ఊరివాళ్లకు ఒకటే గర్వం. ఇద్దరూ మన మహారాజా సంగీత కళాశాలలో చదివినవారే కదా.

1962లో వచ్చిన 'గుండమ్మ కథ'కు ఒక చిక్కు ఎదురైంది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు సమాన హోదా గల హీరోలు. ఎవరి పేరు ముందు వెయ్యాలి? విజయా వారు నటీనటుల పేర్లే వెయ్యకుండా ఫొటోలు చూపించి ఊరుకున్నారు.

ఆ యుక్తి విలువ నేను గుమస్తాగా చేరాక తెలిసింది. ఒక ఆఫీసులో సీనియారిటీ జాబితాలో నా పేరు ఒక మెట్టు కిందికి పడింది. అర్జీ మీద అర్జీ పెట్టాను. సరిచేసేసరికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి, ఆ కాగితం చూసి సంతోషించవలసిన నాన్నగారు లేరు.

ఆ రోజుల్లోనే, 1980లో, 'శంకరాభరణం' వచ్చింది. విజయనగరంలో నాటకాలాడి, రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న జె.వి.సోమయాజులు గారు అందులో కథానాయకుడు. తెర మీద ఆయన పేరు చూసి మేం గుమస్తాలమంతా చప్పట్లు కొట్టాం. మాలో ఒకరి పేరే పడినంత సంబరం.

ఇప్పుడు పెద్ద జాబితా సినిమా చివరికి పోయింది. డ్రైవర్ల పేర్లు, లైట్లు మోసినవాళ్ల పేర్లు కూడా వేస్తున్నారు. కాని అవి వచ్చేసరికి జనం లేచిపోతారు. "తాతయ్యా, అయిపోయింది, పద" అంటాడు మా మనవడు. "ఉండరా, పనిచేసినవాళ్లు ఇప్పుడే వస్తున్నారు" అంటాను.

కార్యదర్శి గారికి ఒక మనవి. ఈ సంచికలో మనతో పనిచేసిన అటెండర్లు, రాత్రి కాపలావాళ్ల పేర్లు కూడా వెయ్యండి. ముందూ వెనకా తగువు లేకుండా అకారాది క్రమంలో.