అరచేతిలో ఇస్త్రీ పెట్టె

మా అక్క న్యూజెర్సీ నుంచి తెచ్చిన చిన్న ఇస్త్రీ పెట్టె మా ఇంట్లో నిండా రెండు నిమిషాలు బతకలేదు.

అరచేతిలో ఇమిడిపోయే పెట్టె. ముక్కు సన్నగా, పడవ ముందు కొసలా ఉంది. అక్కకి అక్కడ క్విల్టుల పిచ్చి పట్టుకుంది. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టి, కింద పలచగా దూది పరిచి, అన్నీ కలిసేలా పైనుంచి కుట్లు వేసే దుప్పటి అది. మన బొంతకి దూరపు చుట్టం. "ఒక్కో కుట్టూ వెంటవెంటనే అదమాలి, పెద్ద పెట్టెతో ఎక్కడవుతుంది?" అంటూ ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి స్విచ్ వేసింది. అడాప్టర్ ప్లగ్గు కాళ్లని మారుస్తుంది గానీ కరెంటుని మార్చదు. అమెరికా గోడలో 120 వోల్టులు, మన గోడలో 230. వోల్టేజీ రెట్టింపుకి దగ్గరైతే పెట్టెలో పుట్టే వేడి నాలుగు రెట్లకి దగ్గరవుతుంది. ముందు ఘాటు వాసన, తర్వాత టప్‌మని చప్పుడు, ఆపైన ఇల్లంతా చీకటి.

అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది.

ఇస్త్రీ పెట్టె చిన్నదవడం ఇంత తేలిక వ్యవహారమేమీ కాదు. వందల ఏళ్లపాటు దానికి ఒకటే ఇబ్బంది: ఎంత బరువుంటే అంత వేడి నిలిచేది. పొయ్యి మీద కాల్చిన ఇనుప ముద్ద తనలో దాచుకున్న వేడే దాని ఆస్తి. మూడు కిలోల ముద్ద 200 డిగ్రీల నుంచి 130కి చల్లారేలోపు, గాలికి పోయేది పక్కన పెడితే, తడిగుడ్డలోంచి 35 గ్రాముల పైచిలుకు నీటిని ఆవిరి చేయగలదు. అదే అర కిలో ముద్ద అయితే ఆరు గ్రాములు, అంటే చిన్న చెంచాడు. రవికె చేతి మడత ఒకటి పూర్తి కాకముందే పెట్టె చల్లబడి మళ్లీ పొయ్యెక్కాల్సిందే. లేసులకీ రిబ్బన్లకీ చొక్కా చేతులకీ చిన్న పెట్టెలు అప్పుడూ ఉండేవి. వాటితో పని అంటే సగం కాలం ఇస్త్రీ బల్లకీ పొయ్యికీ మధ్య నడకే.

చైనావాళ్లు ఈ ఇబ్బందిని ఇంకో దారిలో పరిష్కరించుకున్నారు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో 12వ శతాబ్దపు పట్టుచుట్ట ఒకటుంది. సుంగ్ వంశ చక్రవర్తి హ్వీజోంగ్ పేరు మీదున్న చిత్రం, అంతకుముందు థాంగ్ కాలపు చిత్రకారుడి బొమ్మకి నకలు. అందులో ఇద్దరు స్త్రీలు కొత్తగా నేసిన పట్టుని రెండు వైపులా లాగి పట్టుకుంటే, ఒకామె పొడుగు పిడి ఉన్న చిన్న లోహపు గిన్నెని బట్ట మీద నడుపుతోంది. గిన్నెలో నిప్పులు. పక్కన ఒక పిల్ల కుంపటి విసురుతోంది, ఇంకో చిన్నది పట్టు కింద దూరి పైకి తొంగిచూస్తోంది. మ్యూజియంలో ఉన్నా ఇదేదో మన పెళ్లివారింటి హడావుడిలాగే అనిపిస్తుంది నాకు. నిప్పు పెట్టెలోనే ఉంటుంది కాబట్టి బరువుతో పనిలేదు. మన వీధుల్లో తోపుడు బళ్ల మీద కనబడే ఇత్తడి బొగ్గుల పెట్టెదీ అదే కిటుకు. వైకింగులైతే వేడి జోలికే పోలేదు. గుండ్రటి గాజు దిమ్మతో బట్టని రుద్ది నునుపు చేసుకునేవారు.

ఇంగ్లీషులో పాత ఇస్త్రీ పెట్టెని 'శాడ్ ఐరన్' అనేవారు. పేరు చూసి ఏడుపు పెట్టె అనుకుంటాం. పాతకాలపు ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం బరువైనది, గట్టిది అని. వాడినవాళ్లకి మాత్రం రెండో అర్థమూ సరిపోయే ఉంటుంది. ముద్దతో పాటు ఇనుప పిడీ కాలేది, మసిగుడ్డ చుట్టి పట్టుకోవాలి.

ఆ పిడి సంగతి తేల్చిన మనిషి అయోవా రాష్ట్రంలోని ఒటమ్వా ఊరి ఇల్లాలు మేరీ ఫ్లారెన్స్ పాట్స్. 1871లో పేటెంటు చేతికొచ్చేసరికి ఆమెకి ఇరవై ఏళ్లే. ఆమె పెట్టెకి చెక్క పిడి, అది ఊడివస్తుంది. సెట్టులో మూడు ఇనుప ముద్దలు, ఒక పిడి. ఒకటి చేతిలో ఉండగా రెండు పొయ్యి మీద కాలుతుంటాయి. చల్లబడ్డదాన్ని పొయ్యి మీద వదిలి, పిడి ఊడదీసి, కాలిన దాని నెత్తిన టక్కున తగిలించుకోవడమే. ముద్ద లోపల ప్యారిస్ ప్లాస్టర్ లాంటి పదార్థం నింపితే వేడి పైకెక్కదన్నదీ ఆమె ఆలోచనే. ఆమె తండ్రి గోడలకు ప్లాస్టరింగ్ చేసేవారట, ఆ ఊహ ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. ఇక నాకు అన్నిటికంటే నచ్చింది, పెట్టెకి రెండు కొసలా ముక్కు ఉండటం. ముందుకి నెట్టినా వెనక్కి లాగినా మడత పడదు. చేత్తో ఆ పని చేసినవాళ్లకి తప్ప తట్టని విషయం. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టిన తర్వాత ఆ పెట్టెలు ఊరూరా పాకాయి, ప్రకటనల మీద ఆమె బొమ్మతో సహా.

విద్యుత్తు పెట్టెకి 1882లోనే న్యూయార్క్‌లో హెన్రీ సీలీ పేటెంటు తీసుకున్నాడు. పెట్టుకోవడానికి ఇళ్లలో కరెంటు ఉండాలి కదా! ఉన్న చోటైనా దీపాల కోసం రాత్రిపూటే ఇచ్చేవారు. కాలిఫోర్నియాలో ఒంటారియో ఊరి విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఎర్ల్ రిచర్డ్‌సన్ దీనికి ఓ ఉపాయం పన్నాడు. అప్పట్లో అమెరికా ఇళ్లలో సోమవారం ఉతుకుడు, మంగళవారం ఇస్త్రీ. తను తయారుచేసిన తేలికపాటి పెట్టెలు ఇళ్లకి పంచి, మంగళవారం పగలు కూడా కరెంటు ఇచ్చేలా యజమానుల్ని ఒప్పించాడు. పెట్టె నడుమ కాలుతోంది, కొస కాలడం లేదని ఆడవాళ్లన్నారు. గుండీల చుట్టూ, కుచ్చుల సందుల్లో తిరగాల్సింది కొసే. అతను తీగచుట్టని ముక్కు దాకా జరిపాడు. 1905 ప్రాంతంలో పుట్టిన ఆ పెట్టెకి అందుకే 'హాట్‌పాయింట్' అని పేరు. తర్వాత అదే కంపెనీ పేరూ అయింది.

వేడి తీగలోంచి నిరంతరం వస్తోంది కాబట్టి ఇక ముద్ద మోయనక్కర్లేదు. ప్రయాణాల పెట్టెలు వచ్చాయి, బొమ్మలాంటివీ వచ్చాయి. ఇక అక్క క్విల్టుల దగ్గరికి వస్తే, 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం పాత క్విల్టుల్ని చిత్రాల్లా గోడకి వేలాడదీసింది, అవి కళాఖండాలుగా చలామణి అయ్యాయి. 1979లో జపాన్ ఓల్ఫా కంపెనీ గుండ్రటి చక్రపు కత్తి తెచ్చింది. గుడ్డముక్కలు నిమిషాల్లో తెగిపడుతుంటే కుట్టు మిషను పక్కనే ఓ చిన్న పెట్టె ఉండక తప్పలేదు.

క్విల్టు కుట్టేవాళ్లు ఇస్త్రీ రుద్దరు, అదుముతారు. కుట్టుకి వదిలేది పావంగుళం. ముక్కకి ముక్క చేరే చోట మడత లోపల వీసమెత్తు మిగిలిపోయినా ముక్క కుదించుకుపోతుంది. కుట్టుకి అంగుళంలో పదహారో వంతు చొప్పున పోతే, ఎనిమిది కుట్లకి అర అంగుళం హుష్‌కాకి. అలాగని పెట్టెని అటూ ఇటూ నడిపితే ఏటవాలుగా కోసిన అంచులు సాగిపోయి చతురస్రం కాస్తా గాలిపటమవుతుంది. అందుకే దించి, క్షణం ఆగి, ఎత్తి, పక్కకి పెట్టాలి. కుట్టు తాలూకు అంచుని ముదురు రంగు ముక్క వైపు మళ్లించాలి, లేకపోతే లేత రంగు గుడ్డలోంచి నీడలా కనబడుతుంది.

కొనేవాళ్లు పెట్టె ముద్దుగా ఉందని మోసపోకూడదు. నూలుకి మూడు చుక్కల వేడి కావాలి, అంటే 200 డిగ్రీల దాకా. చిన్నవాటిలో చాలావాటికి వేడి తగ్గించే మర చక్రమే ఉండదు. ఆవిరి పెట్టె వద్దనే నా సలహా. పలకంతా చిల్లులే అయితే అదిమే చోటు ఏముంటుంది? పైగా బుల్లి తొట్టిలో నీళ్లు వేడెక్కక ముందే బొట్లుగా కారతాయి. చిన్న స్ప్రే సీసాతో గుడ్డనే తడుపుకుంటే సరి. తీగ పొడుగ్గా, మెత్తగా ఉండాలి, పలక చదునుగా ఉండాలి. పెన్ను లాంటి పిడికి బొటనవేలంత పలక అమర్చినవి కూడా అమ్ముతారు. పువ్వులూ ఆకులూ అతికించే పనికి అవి భేషుగ్గా ఉంటాయి, పొడుగు కుట్టుకి మాత్రం నీరసం తెప్పిస్తాయి. ఇక విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు పెట్టె అడుగున రాసినది కళ్లజోడు పెట్టుకుని చదవండి. 120/240 అని ఉంటే సాధారణంగా పక్కనే బుల్లి స్విచ్ ఉంటుంది, దాన్ని తిప్పాకే ప్లగ్గు పెట్టాలి.

ఆరోజు అమ్మ వంటింట్లోంచి ఇత్తడి చెంబుతో వచ్చింది. మరిగే నీళ్లు పోసి, చెంబు మెడకి తువ్వాలు చుట్టింది. తడిచేత్తో కుట్టు మీద ఒకసారి రాసి, చెంబు దించి, లోలోపల ఏదో లెక్కపెట్టుకుని ఎత్తింది. "మా అమ్మ రోజుల్లో నీళ్లు కాదు, నిప్పులు పోసేవారు" అంది. అక్క ముక్క తిప్పి చూసింది. మడత పూర్తిగా పోలేదు గానీ, కుట్టు చదునుగా పడుకుంది. "ఇంకోటి ఇవ్వు, నీళ్లు చల్లారిపోతాయి" అంది అమ్మ.